ఈలలు ఇక్కడ... జట్టు ఢిల్లీలో!

ఫతే మైదాన్ నుంచి గచ్చిబౌలికి, గచ్చిబౌలి నుంచి కొండాపూర్ టర్ఫ్‌లకు... హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ సందడి ఏడు దశాబ్దాల్లో ఎన్ని చోట్లు మారింది? ఎందుకు మారింది?

2025 డిసెంబర్ 13, శనివారం సాయంత్రం. ఉప్పల్ దారులన్నీ లేత నీలం, తెలుపు చారల చొక్కాలే. వీపు మీద 10 అంకె, ఆ పైన ఒకే పేరు. లియోనెల్ మెస్సీ వచ్చాడు. వెంట లూయిస్ సువారెజ్, రోడ్రిగో డి పాల్. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జెర్సీ తొడుక్కుని స్వయంగా బరిలోకి దిగారు. ఒక జట్టు పేరు ‘సింగరేణి ఆర్‌ఆర్‌9’, రెండోది ‘అపర్ణ మెస్సీ ఆల్ స్టార్స్’. చూడ్డానికి రాహుల్ గాంధీ కూడా వచ్చారు. మెస్సీ మైదానమంతా కలియదిరుగుతూ బంతుల్ని గ్యాలరీల్లోకి తన్నుతుంటే, వాటికోసం చేతులతోపాటు సెల్‌ఫోన్లూ పైకి లేచాయి. అదే రోజు అంతకుముందు కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో, మెస్సీ కంటికి ఆనకుండానే వెళ్లిపోయాడని కోపం కట్టలు తెంచుకుని జనం సీసాలు విసిరారు, కుర్చీలు విరగ్గొట్టారు. ఆ వార్త మధ్యాహ్నానికే ఇక్కడికి చేరినా ఉప్పల్‌లో మాత్రం అంతా సాఫీగా సాగిపోయింది. మరునాడు పత్రికల్లో హైదరాబాద్‌కు శభాష్‌లే శభాష్‌లు.

దానికి రెండు నెలల ముందు, అక్టోబరులో, మరో వార్త వచ్చింది. ఇండియన్ సూపర్ లీగ్‌లో ఈ నగరం పేరుతో ఆడిన హైదరాబాద్ ఎఫ్‌సీ పేరు మార్చుకుని, ‘స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ’గా మారి దేశ రాజధానికి వెళ్లిపోయింది. మూడేళ్ల కిందట దేశానికే చాంపియన్ అయిన జట్టు అది. దానికోసం ఉప్పల్ దారులేమీ నిండలేదు. కడుపు మండిన కొద్దిమంది అభిమానులు సోషల్ మీడియాలో నాలుగు మాటలు రాసుకున్నారు, అంతే.

ఒకే ఊరు, రెండే నెలల తేడా. దీన్ని చూసి హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ మీద ప్రేమ లేదని తేల్చేస్తే తప్పే. ఉందనుకుంటే, ఆ ప్రేమ ఎవరి మీదన్నది తర్వాతి ప్రశ్న.

పోలీసుల ఆట, పేటల ఆట

ఈ ఊరి ఫుట్‌బాల్ చరిత్రలో మొదటి పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. 1950లో సిటీ పోలీసు జట్టు శిక్షణ చేతికి తీసుకున్నారు. ఆ ఏడాది నుంచి 1954 దాకా ముంబయిలో అప్పట్లో జరిగే రోవర్స్ కప్‌ను వరసగా అయిదుసార్లు ఆ జట్టే ఎగరేసుకొచ్చింది. 1950లో డ్యూరాండ్ కప్ కూడా గెలిచింది. కోల్‌కతా పెద్ద జట్లు మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ‘హైదరాబాద్ పోలీస్’ అంటే ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆడాల్సిన రోజులవి. 1956-57, 1957-58 సీజన్లలో సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌దే. రెండోసారి టోర్నీ జరిగిందీ ఇక్కడే, కప్పు ఇల్లు దాటి పోలేదు.

ఆ జట్టులో ఆడినవాళ్లు చాలామంది పోలీసు శాఖ ఉద్యోగులు. పొద్దున పరేడ్, సాయంత్రం ప్రాక్టీసు. కొందరు బూట్లు లేకుండానే ఆడేవాళ్లు. సికింద్రాబాద్ శివార్లలోని అమ్ముగూడ నుంచి తులసీదాస్ బలరామ్ అనే పేదింటి కుర్రాడు శిక్షణకు రావాలంటే సైకిల్ కావాలి, సైకిల్ అద్దెకు డబ్బుల్లేవు. ఆ అద్దె రహీం ఇచ్చేవారు. పోలీసుల పాత బూట్లను చెప్పులు కుట్టేవాడి చేత మార్పించుకుని ఆడానని బలరామ్ తర్వాతి కాలంలో చెప్పుకొన్నారు. ఆ కుర్రాడే 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆడాడు. నాలుగో స్థానంలో నిలిచిన ఆ భారత జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, పీటర్ తంగరాజ్, జుల్ఫికరుద్దీన్... ఎటు చూసినా హైదరాబాద్, సికింద్రాబాద్ మైదానాల వాళ్లే. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ అంతకన్నా పైకి ఇప్పటికీ వెళ్లలేదు.

అప్పటి సందడికి ఒక లెక్క ఉండేది. ఆడేవాడు ఏ గల్లీవాడో చూసేవాడికి తెలుసు. బార్కాస్‌లో పుట్టినవాడు బంతి తన్నితే బార్కాస్ అంతా వచ్చేది. నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల వారసుల పేట అది, ఫుట్‌బాల్ అంటే ప్రాణమిచ్చే చోటు. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో మిలటరీ జట్లు, వాటి చుట్టూ లాల్‌బజార్, బొల్లారం కుర్రాళ్లు. నగరం నడిబొడ్డున ఫతే మైదాన్. 1687లో గోల్కొండ ముట్టడి వేళ ఔరంగజేబు సైన్యం విడిది చేసిందని చెప్పుకొనే చోటు. 1967లో దానికి లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. పాతబస్తీకి, సికింద్రాబాద్‌కు మధ్యలో ఉంటుంది కాబట్టి రెండు వైపుల నుంచీ జనం సాయంత్రం పని ముగించుకుని నడిచో, సైకిల్ మీదో రాగలిగేవాళ్లు. స్టేడియం ఎక్కడ ఉండాలన్న ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు హైదరాబాద్‌కు తర్వాత దొరకలేదు.

గ్యాలరీ ప్రేమకు రెండో ముఖం కూడా ఉంటుంది. అది రహీం శిష్యులకు 1962లో జకార్తాలో కనిపించింది. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆసియా క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత క్రీడాధికారి జి.డి. సోంధీ తప్పుపట్టడంతో ఇండోనేసియా జనానికి మన మీద పట్టరాని కోపం వచ్చింది. సెప్టెంబర్ 4న దక్షిణ కొరియాతో ఫైనల్. స్టేడియంలో దాదాపు లక్షమంది. మన జాతీయగీతానికి కూడా గేలి. ఆ హోరులో భారత్‌కు చప్పట్లు కొట్టినవాళ్లలో పాకిస్థాన్ హాకీ జట్టు ఆటగాళ్లు ఉన్నారు! యూసుఫ్ ఖాన్, అఫ్జల్, బలరామ్, తంగరాజ్... హైదరాబాద్ మైదానాల్లో ఎదిగిన వీళ్లంతా ఆ జట్టులో ఉన్నారు. 2-1తో స్వర్ణం మనదైంది. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీం తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న కన్నుమూశారు. అరవై ఏళ్ల తర్వాత అజయ్ దేవగణ్ ‘మైదాన్’ సినిమా వస్తేగానీ ఐటీ కారిడార్‌లో చాలామందికి ఆయన పేరు చేరలేదు. పేరు తెలిసిందే సినిమా వల్ల అయితే, అది సినిమా గొప్పతనమా, మన మరుపా?

రైలెక్కిన వీరులు

రహీం తర్వాత కూడా ఆటగాళ్లకు కొదవలేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన భారత జట్టుకు కెప్టెన్ హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. కాకపోతే వీళ్ల పేరు మార్మోగింది కోల్‌కతాలో. మహమ్మద్ హబీబ్‌ను బెంగాలీలు ‘బడే మియా’ అని నెత్తిన పెట్టుకున్నారు. 1977 సెప్టెంబరులో ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ 2-2తో నిలిచిందంటే, అందులో ఒక గోల్ హబీబ్‌ది. తమ్ముడు అక్బర్ 1976 కోల్‌కతా డెర్బీలో ఆట మొదలైన 17వ సెకనులోనే గోల్ కొట్టి రికార్డులకెక్కాడు. ఆ తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్... రైలెక్కడం ఆగలేదు.

కోల్‌కతా క్లబ్బుల్లో డబ్బుంది, లక్షమంది అభిమానులున్నారు. ఆ అభిమానం హద్దు దాటిన రోజు కూడా ఉంది. 1980 ఆగస్టు 16న ఈడెన్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మ్యాచ్‌లో గొడవలు రేగి తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. ఏటా ఆ తేదీని బెంగాల్‌లో ఫుట్‌బాల్ ప్రేమికుల దినంగా పాటిస్తారు. హైదరాబాద్ గ్యాలరీకి అంత ఆవేశమూ లేదు, అలాంటి మచ్చా లేదు. వీరులు వలస వెళ్లాక చూడ్డానికి ఎవరున్నారు? 1983లో కపిల్ సేన ప్రపంచకప్ తెచ్చాక పిల్లల చేతుల్లోకి బ్యాట్లు వచ్చాయి. ప్రభుత్వ సంస్థల్లో క్రీడాకారుల కోటా నియామకాలు తగ్గాయి. ఆడితే ఉద్యోగం వస్తుందన్న భరోసాయే హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు వెన్నెముక. అది విరిగాక తక్కినవన్నీ ఒకదాని వెనక ఒకటి కూలాయి. లాల్ బహదూర్ స్టేడియం ఇప్పుడు ప్రమాణస్వీకారాలకూ వేదిక. 2023 డిసెంబర్ 7న రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది అక్కడే.

బండరాళ్ల మధ్య స్టేడియం

నగరం పడమటికి జరిగింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకుంది. 2002 జాతీయ క్రీడలకు, 2003 ఆఫ్రో ఏషియన్ క్రీడలకు గచ్చిబౌలిలో పెద్ద స్టేడియం కట్టారు. 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన లోక్‌సభ స్పీకర్ జీఎంసీ బాలయోగి పేరు పెట్టారు. చుట్టూ కొండరాళ్లు, కాస్త దూరంలో సెంట్రల్ యూనివర్సిటీ, ట్రిపుల్ ఐటీ. జనం లేని చోట ముప్పై వేలమంది పట్టే గ్యాలరీ. పదేళ్లు తిరిగేసరికి చుట్టూ అద్దాల మేడలు లేచాయి, జనానికి లోటు లేదు. కానీ ఆ జనం వేరు.

ఒక చిక్కు కూడా ఉంది. అది అథ్లెటిక్స్ స్టేడియం. ఫుట్‌బాల్ మైదానం చుట్టూ పరుగుపందేల సింథటిక్ ట్రాక్. గ్యాలరీలో మొదటి వరసలో కూర్చున్నవాడికి కూడా కార్నర్ కొట్టే ఆటగాడు దూరంగానే ఉంటాడు. సాల్ట్‌లేక్‌లోనూ ట్రాక్ ఉంది. అరవై వేలమంది ఒక్కసారి అరిస్తే ట్రాక్ సంగతి ఎవరికి పడుతుంది? అయిదు వేలమంది అరిచినప్పుడే అరుపు మధ్యలో ఆవిరైపోతుంది. ఇంగ్లండ్‌లో 1989 హిల్స్‌బరో దుర్ఘటన 97 మందిని బలిగొన్నాక నిలబడి చూసే గ్యాలరీలు తీసేసి కుర్చీలు వేశారు. ఆట భద్రమైందిగానీ హోరు తగ్గిందని అక్కడి పాతతరం ఇప్పటికీ నిట్టూరుస్తుంది. గచ్చిబౌలిది తిరగేసిన కథ. కుర్చీలు ముందే ఉన్నాయి, హోరు పుట్టాల్సి ఉంది.

2008లో ఏఎఫ్‌సీ చాలెంజ్ కప్ మ్యాచ్‌లు హైదరాబాద్‌లో జరిగాయి. అఫ్గానిస్థాన్‌ను, తుర్క్‌మెనిస్థాన్‌ను, సెమీస్‌లో మయన్మార్‌ను మన జట్టు ఓడించింది. వాన, బురద మాత్రం అందరినీ ఓడించాయి. ఫైనల్ ఢిల్లీ అంబేడ్కర్ స్టేడియంలో జరిగింది, సునీల్ ఛేత్రి హ్యాట్రిక్‌తో కప్పు గెలిపించిన మ్యాచ్ అదే. హైదరాబాద్‌కు మిగిలింది బురద.

పసుపు గ్యాలరీ, ఎవరిది?

2019 ఆగస్టులో పుణె సిటీ క్లబ్ మూతపడి దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. యజమానులు విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని. నటుడు రానా దగ్గుబాటి కూడా సహయజమానిగా చేరారు. రంగులు పసుపు, నలుపు. ‘డెక్కన్ లెజియన్’ పేరుతో అభిమానులు ఒక దండుగా ఏర్పడ్డారు. డ్రమ్ములు, జెండాలు, ఆటకు వీపు పెట్టి గ్యాలరీ వైపు తిరిగి నినాదాలందించే నాయకులు... యూరప్‌లో చూసిన పద్ధతి ఇక్కడికి వచ్చింది.

సొంతగడ్డ మీద మొదటి మ్యాచ్ నవంబర్ 2, శనివారం. ప్రత్యర్థి కేరళ బ్లాస్టర్స్. ముందు రాహుల్ కేపీ కేరళకు గోల్ కొట్టాడు. తర్వాత స్టాంకోవిచ్ పెనాల్టీతో సమం చేశాడు. 81వ నిమిషంలో బ్రెజిల్ ఆటగాడు మార్సెలినో ఫ్రీ కిక్‌తో 2-1. క్లబ్ చరిత్రలో తొలి విజయం. గ్యాలరీని చూస్తే మాత్రం అయోమయం. ఎటు చూసినా పసుపే, అందులో సగం ఎవరిదో చెప్పడం కష్టం. కేరళ రంగు కూడా పసుపే! మాదాపూర్, కొండాపూర్ ఆఫీసుల్లో పనిచేసే మలయాళీలు దండిగా తరలివచ్చారు. మోహన్ బగాన్ వచ్చిన రోజు ఆకుపచ్చ, మెరూన్ జెండాలు లేచేవి. ఈశాన్య రాష్ట్రాల కుర్రాళ్లు తమ ఊరి ఆటగాడు ఏ జట్టులో ఉంటే ఆ జట్టుకు ఈలలు వేసేవాళ్లు. దేశంలో ఏ జట్టు వచ్చినా గచ్చిబౌలిలో దాని మనుషులుంటారు. ఐటీ కారిడార్ స్వభావమే అది. ఇలాంటి చోట అతిథి జట్టుకు ఏ లోటూ ఉండదు, ఇంటివాడే బిక్కుబిక్కుమంటూ కూర్చోవాలి.

ఇక వేళలు. మ్యాచ్ రాత్రి 7.30కి. సరిగ్గా అమెరికా క్లయింట్లతో కాల్స్ మొదలయ్యే సమయం. వారం మధ్యలో మ్యాచ్ పడితే లాప్‌టాప్ బ్యాగుతోనే గ్యాలరీకి రావాలి, లేదా కాల్ అయ్యాక సెకండాఫ్‌కు. మెట్రో 2019 నవంబర్ చివర్లో రాయదుర్గం దాకా వచ్చి ఆగింది. అక్కణ్నుంచి స్టేడియానికి ఆటోయో, క్యాబో. బార్కాస్ నుంచి వచ్చేవాడి సంగతి చెప్పనక్కర్లేదు, ఇరవై కిలోమీటర్లు దాటిన దూరం. ఆట అయ్యేసరికి తొమ్మిదిన్నర. బొల్లారం, అమ్ముగూడల నుంచైతే ఇంకా దూరం. ఫుట్‌బాల్ పుట్టిన పేటలన్నీ తూర్పున, దక్షిణాన. ఫుట్‌బాల్ జట్టు పడమరన. మధ్యలో గచ్చిబౌలి ట్రాఫిక్.

మొదటి సీజన్‌లో జట్టు అట్టడుగున నిలిచింది. తర్వాత కొవిడ్. రెండు సీజన్లు లీగ్ మొత్తం గోవాలోనే, తాళం వేసిన గ్యాలరీల నడుమ జరిగింది. ఆ సమయంలో గచ్చిబౌలి స్టేడియం పక్కనున్న క్రీడాగ్రామం భవనం ‘టిమ్స్’ కొవిడ్ ఆసుపత్రి అయింది. ఆటగాళ్లు ఉండాల్సిన గదుల్లో రోగుల మంచాలు. ప్రపంచమంతటా టీవీల్లో మ్యాచ్‌లకు రికార్డు చేసిన అరుపులు కలిపి వినిపించిన కాలం అది. చిత్రమేమిటంటే, హైదరాబాద్ ఎఫ్‌సీ బాగా ఆడటం మొదలెట్టింది ఎవరూ చూడని ఆ రోజుల్లోనే. స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ వచ్చారు. నైజీరియా ఆటగాడు ఒగ్బెచె 2021-22లో 18 గోల్స్ కొట్టాడు.

2022 మార్చి 20, ఆదివారం, గోవా ఫతోర్దా స్టేడియం. ఫైనల్. ఎదురుగా మళ్లీ కేరళ. ఈసారి ప్రేక్షకుల్ని రానిచ్చారు. లీగ్ పట్టికలో హైదరాబాద్ పైన ఉంది కాబట్టి పసుపు జెర్సీ మనకు, కేరళ ఆటగాళ్లకు నలుపు. కేరళ అభిమానులు మాత్రం ఎప్పట్లానే పసుపు వేసుకుని రైళ్లలో, బస్సుల్లో గోవాకు పోటెత్తారు. స్టేడియమంతా పసుపు, మైదానంలో పసుపు చొక్కా హైదరాబాద్‌ది, కానీ ఆ గ్యాలరీలో దానికి పలికిన గొంతులు పిడికెడు. 68వ నిమిషంలో రాహుల్ కేపీ గోల్‌తో చెవులు గింగురుమన్నాయి. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి తన్నిన బంతి వలలో పడింది. అంతమంది ఒక్కసారిగా గప్‌చుప్. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపేశాడు. 3-1తో హైదరాబాద్ చాంపియన్. ఆ జట్టులో మణిపుర్ కుర్రాళ్లున్నారు, గోవా వాళ్లున్నారు, స్పెయిన్, బ్రెజిల్, నైజీరియా వాళ్లున్నారు. తెలుగు ఆటగాడు లేడు. సిటీ పోలీసు జట్టుకూ దీనికీ అసలు తేడా అదే. కప్పు వచ్చిన రోజు ఏ పేటలో బాణసంచా కాల్చాలో ఎవరికీ తెలియలేదు.

మరుసటి సీజన్‌లో జట్టు గచ్చిబౌలికి తిరిగొచ్చింది. రెండో స్థానం, 2023 మార్చి 9న సొంత మైదానంలో మోహన్ బగాన్‌తో సెమీస్ తొలి మ్యాచ్ 0-0. కోల్‌కతాలో పెనాల్టీల్లో ఓటమి. ఈ జట్టుకు ఊరు అలవాటు పడుతోంది అనుకునేలోపే కథ తిరగబడింది. జీతాల బకాయిలు, ‘ఫిఫా’ నిషేధాలు, సీజన్ మధ్యలో విదేశీ ఆటగాళ్ల, సీనియర్ల వరస నిష్క్రమణ. 2023-24లో 22 మ్యాచ్‌లకు ఒకే ఒక్క గెలుపు. కుర్రాళ్లతో కోచ్ తంగ్‌బోయ్ సింగ్టో నెట్టుకొచ్చిన ఆ సీజన్‌లో వచ్చి కూర్చున్న డెక్కన్ లెజియన్ సభ్యులను మెచ్చుకోవాలి. గెలిచే జట్టుకు అందరూ చుట్టాలే, అప్పులపాలైన జట్టుకు డ్రమ్ము మోసుకొచ్చేవాడే అభిమాని. 2024లో జిందాల్ సంస్థ క్లబ్‌ను కొన్నది. ఆ సీజన్‌లో 13 జట్లలో 12వ స్థానం. ఆ పైన ఢిల్లీ.

రాత్రి పదింటి ఆట

అయితే ఐటీ కారిడార్‌లో ఫుట్‌బాల్ లేదా అంటే, లేకేం! రాత్రి పదింటికి కొండాపూర్, నల్లగండ్ల, కోకాపేటల్లో ఏ సందులోకి వెళ్లినా ఆకుపచ్చ వలల వెనక ఫ్లడ్‌లైట్లు కనిపిస్తాయి. ప్లాస్టిక్ గడ్డి, దాని మీద నల్ల రబ్బరు పలుకులు. ఇంటికెళ్లి బూట్లు దులిపితే గుప్పెడు రాలతాయి. యాప్‌లో గంటకింత అని కట్టి స్లాట్ తీసుకోవాలి. అయిదుగురు ఇటు, అయిదుగురు అటు, ఒక జట్టుకు రంగు బనియన్లు. తెలుగు, హిందీ, మలయాళం, ఇంగ్లిష్ కలగలిసిన కేకలు. “అన్నా, వెనకున్నాడు!”, “అరె పాస్ దే మియా!”. ఆఫీసులో డెలివరీ మేనేజర్‌ను సార్ అనేవాడు ఇక్కడ కాలడ్డం పెట్టి పడేస్తాడు. గంట కాగానే తర్వాతి స్లాట్ వాళ్లు గేటు దగ్గర బూట్లు కట్టుకుంటూ నిలబడతారు. వచ్చేది బాక్స్ క్రికెట్ బ్యాచ్ అయితే గోల్‌పోస్టులు పక్కకు జరుగుతాయి. ఈ ఆటకు ప్రేక్షకులుండరు. ఉన్నా ఫోన్ చూసుకుంటూ వంతు కోసం కూర్చున్న పదకొండోవాడే.

చూసే సందడంతా తెరల ముందుకు మారింది. వారాంతాల్లో గచ్చిబౌలి, జూబ్లీహిల్స్ పబ్బుల్లో ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ మ్యాచ్ వస్తుంటే మాంచెస్టర్ ఎర్ర చొక్కా ఒక బల్ల దగ్గర, లివర్‌పూల్ ఎర్ర చొక్కా మరో బల్ల దగ్గర. ఆఫ్‌సైడ్ మీద అక్కడ జరిగే వాదనలు వింటే ఈ ఊరికి ఆట తెలియదనే సాహసం ఎవరూ చేయరు. దాదాపు ఎనిమిది వేల కిలోమీటర్ల అవతలి క్లబ్ గోల్‌కీపర్ మోకాలి నొప్పి గురించి తెలిసినవాళ్లకు, అయిదు కిలోమీటర్ల అవతలి క్లబ్ గోల్‌కీపర్ పేరు తెలియకపోవడమే విచిత్రం. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. ఆ క్లబ్ వందేళ్లకు పైగా అక్కడే ఉంది, ఉంటుంది. ఇక్కడి క్లబ్ ఆరేళ్లకే సామాను సర్దుకుంది.

ఖాళీ ఇల్లు, నిండు చుట్టాలు

జట్టు సతమతమవుతున్న 2024లోనే గచ్చిబౌలి మైదానం మాత్రం క్షణం తీరిక లేకుండా ఉంది. సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్. హైదరాబాద్‌కు కప్పు తెచ్చిన మనోలో మార్కెజ్, భారత కోచ్‌గా తొలి మ్యాచ్‌కు అదే మైదానంలో నిలబడ్డారు. మారిషస్‌తో 0-0, సిరియా చేతిలో 0-3. నవంబర్ 18న మలేసియాతో 1-1. డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్, బెంగాల్‌, కేరళ. ఇంజూరీ టైంలో రోబీ హన్స్‌దా గోల్‌తో బెంగాల్ 33వసారి విజేత. మళ్లీ అదే దృశ్యం. ఊరు హైదరాబాద్, గ్యాలరీలో మలయాళీ పాట, బెంగాలీ కేక. రహీం ఊరివాళ్లు ఆతిథ్యమిచ్చి కప్పు చేతికందించి పంపారు. బెంగాల్ ప్రభుత్వం ఆ ఆటగాళ్లకు ఉద్యోగాలు ప్రకటించింది. ఆడినవాడికి కొలువు అన్న ఆ సూత్రం ఒకప్పుడు హైదరాబాద్ పోలీసులది.

ఇప్పటి తెలుగు నేల నుంచి దేశమంతా ఎరిగిన ఫుట్‌బాల్ పేరు ఏదంటే నిజామాబాద్ జిల్లా గిరిజన బిడ్డ గుగులోత్ సౌమ్య. 2024-25కు జాతీయ సమాఖ్య ఉత్తమ మహిళా క్రీడాకారిణి. ఆమె ఆడేదీ ఈస్ట్ బెంగాల్‌కే. హబీబ్ ఎక్కిన రైలే, యాభై ఏళ్ల తర్వాత.

నగర శివార్లలోని అజీజ్‌నగర్‌లో శ్రీనిధి డెక్కన్ క్లబ్ చిన్న మైదానం ఉంది, డెక్కన్ అరీనా. 2022-23, 2023-24 సీజన్లలో ఐ-లీగ్‌లో రెండో స్థానం దాకా వెళ్లిన జట్టు అది. పట్టేది కొద్దిమందే, ట్రాక్ లేదు, ఆటగాడు పిలిస్తే గ్యాలరీకి వినపడుతుంది. ఉన్నవాటిలో సందడికి సరిపడే చోటు అదే. అక్కడిదాకా వెళ్లే బస్సు మాత్రం తేలిగ్గా దొరకదు.

రేపు మళ్లీ ఎవరో వస్తారు. హైదరాబాద్ పేరుతో క్లబ్ పెడతామంటారు, బ్రాండ్ అంబాసిడర్‌గా హీరోను తెస్తారు, హోటల్‌లో జెర్సీ ఆవిష్కరిస్తారు. రావాలి కూడా. వచ్చేవాళ్లకు ఈ ఊరి తరఫున ఒక్క విన్నపం. మొదటి ఆఫీసు మాదాపూర్‌లో కాకుండా బార్కాస్‌లో తెరవండి. రెండోది సికింద్రాబాద్‌లో. రహీం పేరు మీద నగరంలో ఇప్పటికీ లీగ్ జరుగుతోంది, అందులో ఆడే కుర్రాళ్లలో నలుగురికి జెర్సీ ఇవ్వండి. మ్యాచ్ రోజు పాతబస్తీకి, కంటోన్మెంట్‌కు రానూపోనూ బస్సులు వేయండి. ఐటీ ఉద్యోగులను పిలవాల్సిన పనిలేదు, టికెట్ యాప్‌లో కనిపిస్తే వాళ్లే వస్తారు.